తోట గేటు బొమ్మలో ఐమూల పట్టీ ఏది?

ప్రశ్న: మా తోటకి చెక్క గేటు నేనే చేసుకోవాలని ఉంది. గుంజల మధ్య ఖాళీ 4 అడుగులు, గేటు ఎత్తు కూడా 4 అడుగులే అనుకుంటున్నాను. పైన కమాను వంపు, మధ్యలో పెద్ద పువ్వు, దాని చుట్టూ తీగలు చెక్కిన ఒకే వెడల్పాటి పలక, కింద దగ్గర దగ్గరగా నిలువు చెక్కలు. బొమ్మ గీసి పంపుతున్నాను. రెండేళ్ల కిందట చేసిన సాదా గేటు ఏడాది తిరక్కుండానే గడియ వైపు కుంగిపోయింది. ఇప్పుడు మోకాలితో ఎత్తి తోస్తే తప్ప మూసుకోదు. ఈసారి గట్టి చెక్క వాడదామనుకుంటున్నాను, ఏది మంచిది? డిజైన్‌లో ఏమైనా మార్చాలా? పాత గేటు ఇక పారేయడమేనా? కొత్తది పూర్తి కావడానికి నాకు నెలలు పట్టేలా ఉంది.

సమాధానం: బొమ్మ చాలా బాగా గీశారు, ముందు ఆ మాట చెప్పాలి. కానీ నేను దాంట్లో మొదట వెతికింది పువ్వు కోసం కాదు, ఐమూల పట్టీ కోసం, అంటే ఫ్రేమ్‌లో ఒక మూల నుంచి ఎదుటి మూలకి వాలుగా పోయే పట్టీ కోసం. ఎంత చూసినా కనబడలేదు. మీ పాత గేటుకి కూడా అది లేదనో, ఉన్నా తలకిందులుగా ఉందనో పందెం కాస్తాను. తలకిందులుగా అని ఎందుకంటున్నానంటే, నేను చేసిన మొట్టమొదటి గేటుకి అలాగే పెట్టాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి గేటు కింద నేల మీద చీపురుతో గీసినట్టు అర్ధచంద్రాకారంలో గీత పడింది, అప్పటికిగాని నాకు తెలిసిరాలేదు.

గట్టి చెక్క వాడితే కుంగదు అనుకోవడం మామూలే, కానీ గట్టి చెక్క అంటే చాలావరకు బరువైన చెక్క కూడా, కాబట్టి ఐమూల పట్టీ లేకుండా వాడితే ఇంకా త్వరగా కుంగుతుంది. నమ్మకం కుదరకపోతే అట్టముక్కలు నాలుగు కోసి, మూలల్లో ఒక్కో గుండుసూది గుచ్చి చతురస్రం చేయండి. ఒక పక్క నిలువు ముక్కను గోడకి ఆనించి పట్టుకుని వదిలేస్తే రెండో పక్క టక్కున కిందికి వాలిపోతుంది. చేసింది అట్టతోనా టేకుతోనా అన్నది దానికి పట్టదు. ఇప్పుడు ఐదో ముక్కను మూల నుంచి మూలకి ఐమూలగా గుచ్చండి, ఇక కదలదు. నాలుగు భుజాల ఆకారం కోణాలు మార్చుకోగలదు, త్రిభుజం మార్చుకోలేదు, సంగతంతా అంతే.

ఇక ఆ ఐమూల ఎటు నుంచి ఎటు? చెక్క పట్టీ అయితే బందులున్న వైపు కింది మూలలో మొదలై గడియ వైపు పై మూలకి వెళ్లాలి. అప్పుడు గడియ వైపు బరువు ఆ పట్టీని నొక్కుతూ కింది బందు మీదకి, అక్కణ్ణుంచి గుంజలోకి దిగుతుంది. చెక్క ఇలా నొక్కుడుకి బ్రహ్మాండంగా ఓర్చుకుంటుంది. తిరగేసి పెట్టారనుకోండి, అదే పట్టీ మీద లాగుడు పడుతుంది. లాగుడంతా కొసల్లో ఉన్న రెండు మూడు స్క్రూల మీదకి వస్తుంది, కొంతకాలానికి ఆ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగుతాయి. నా గేటుకి జరిగింది అచ్చంగా ఇదే, స్క్రూలు విప్పి చూస్తే కన్నాల్లో వేలు కొస దూరేంత వదులు.

అందుకని డిజైన్‌లో అన్నిటికంటే ముందు మార్చమనేది ఇదే, పెద్దది కూడా: అలంకరణని ఐమూల పట్టీతోనే మొదలుపెట్టండి. పువ్వు గీసేసి తర్వాత దాని వెనకాల ఒక పట్టీ కొట్టేస్తే, వెనక నుంచి చూసినప్పుడు అది మాసిక వేసినట్టే ఉంటుంది. తోట గేటుకి వెనక వైపు అంటూ వేరే ఉండదు కదా, తోటలో కూర్చున్న మీరు రోజూ చూసేది ఆ వైపే. మీ పువ్వుని మధ్యలోంచి తీసి బందుల వైపు కింది మూలకి జరపండి. పూర్తి పువ్వు కాదు, పావు పువ్వు, లేదా పావు సూర్యుడు. అక్కణ్ణుంచి కిరణాలు విసనకర్రలా పైకీ పక్కకీ విచ్చుకుంటాయి. వాటిలో అన్నిటికంటే లావైన, పొడవైన కిరణమే మీ ఐమూల పట్టీ. 1930ల్లో బ్రిటన్ శివారు ఇళ్ల గేట్ల మీద ఉదయించే సూర్యుడి బొమ్మ తెగ కనిపించేది, చూడ్డానికి ఆ పద్ధతే అనుకోండి. తీగలే కావాలంటే అదీ కుదురుతుంది, కాండం ఐమూల పట్టీ, కొమ్మలు దాని నుంచి చీలతాయి. ఇంకో మాట, రెండు వైపులా అచ్చు ఒకేలా ఉండాలన్న పట్టుదల వదలండి. ఒక పక్క మాత్రమే వేలాడే వస్తువుకి ఆ సమానత్వం బొమ్మలో ఉంటుంది గానీ బరువులో ఉండదు.

ఆ పెద్ద కిరణం కనీసం 90 మిల్లీమీటర్ల వెడల్పు, ఫ్రేమ్ అంత మందం ఉండనివ్వండి. మిగతావి సన్నగా 20 మిల్లీమీటర్ల మందంతో ఉన్నా చాలు, అవి మోసేది పెద్దగా లేదు. పట్టీ కొసని సరిగ్గా మూల అతుకులోకి దూర్చకండి, అక్కడ అది ఆప్పులా, అంటే సందులో దిగగొట్టే చీలలా, పనిచేసి అతుకునే తెరిచేస్తుంది. మూల నుంచి రెండు అంగుళాలు ఇవతలగా, అడ్డ కర్రలో చిన్న గాడి తొలిచి అందులో కూర్చోబెట్టండి. పట్టీ కొస ఆ గాడి గోడకి బిగుతుగా ఆనాలి, మధ్యలో కాగితం కూడా దూరకూడదు. బరువు మోసేది ఆ ఆనడమే, స్క్రూ పని పట్టీ పక్కకి జారకుండా చూడడం వరకే. పావు సూర్యుణ్ని విడిగా ఒక పలకలా కోసి ముందు వైపు నుంచి అతికిస్తే ఈ గాడి దాని వెనక దాక్కుంటుంది.

వెడల్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీ కొలతలకి గేటు సుమారు 35 కిలోలు తూగుతుందనుకుందాం. బరువు కేంద్రం బందుల నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, బందుల మధ్య ఎడం 90 సెంటీమీటర్లు పెడితే పై బందుని గుంజ నుంచి పీకే బలం 23 కిలోల చిల్లర. అదే గేటుని 8 అడుగుల వెడల్పు చేస్తే బరువూ రెట్టింపు, దూరమూ రెట్టింపు, పీకుడు నాలుగింతలు. అందుకే వెడల్పాటి దారికి రెండు రెక్కలు పెడతారు. మీ 4 అడుగులకి ఒక రెక్క చాలు, భయం లేదు. కానీ 30 కిలోల పిల్లాడు గడియ వైపు ఎక్కి ఊగితే ఒక్కసారిగా ఇంకో 40 కిలోలు ఆ పై బందు మీద పడతాయి, పిల్లలు గేటెక్కి ఊగకుండా ఉండరు కాబట్టి లెక్కలో వాళ్లనీ కలుపుకోండి. బందులు పొడవాటి పట్టీ రకం తీసుకోండి, పట్టీ గేటు వెడల్పులో మూడో వంతు దాకా రావాలి. పై బందుకి మాత్రం స్క్రూలతో సరిపెట్టకుండా ఆరపార బోల్టు వేసి వెనక వాషర్, నట్టు బిగించండి.

ఇప్పుడు ఆ ఒకే వెడల్పాటి పలక. అది వద్దు. చెక్క తేమని బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, పొడవునా మాత్రం దాదాపు మారదు. 100 మిల్లీమీటర్ల వెడల్పు చెక్క ఎండకీ వానకీ మధ్య 2 మిల్లీమీటర్ల వరకు మారొచ్చు. 600 మిల్లీమీటర్ల పలక అయితే ఒక సెంటీమీటరు పైనే, దాన్ని నాలుగు పక్కలా ఫ్రేమ్‌కి బిగించేస్తే ఎటూ పోలేక నిలువునా చీలుతుంది, అదీ సరిగ్గా మీ పువ్వు మధ్యలోంచి. కాబట్టి 75 నుంచి 100 మిల్లీమీటర్ల సన్న చెక్కలు వాడి, మధ్యలో 3 మిల్లీమీటర్ల సందు వదలండి, ప్రతి చెక్కకీ అడ్డ కర్ర దగ్గర మధ్యలో ఒక్క స్క్రూ చాలు. రెండంచుల్లోనూ రెండు స్క్రూలు వేస్తే మళ్లీ కట్టేసినట్టే.

లోతుగా చెక్కిన బొమ్మ ఆరుబయట ఎక్కువకాలం నిలవదు. ప్రతి రేకు అడుగునా నీళ్లు నిలుస్తాయి, మురికి చేరుతుంది, నాచు పడుతుంది, రెండో ఏడు పువ్వు కంటే నాచే బాగా కనిపిస్తుంది. ఆరపార కోసే జాలీ పని చేయండి, నీళ్లు నిలవడానికి చోటుండదు, గాలి ఆడుతుంది, వెనక పచ్చదనం కన్నాల్లోంచి కనిపించి బొమ్మ దానంతటదే తేలుతుంది. చెక్కి తీరాలనే కోరిక గట్టిగా ఉంటే ఆ ముచ్చట పావు సూర్యుడి మీద తీర్చుకోండి, 5 మిల్లీమీటర్ల లోతు దాటకుండా, ప్రతి గీతా కిందికి వాలేలా, నీటి బొట్టు తనంతట తాను జారిపోయేలా. కిరణాల మధ్య ఖాళీలు మాత్రం వెడల్పైన చోట కూడా 10 సెంటీమీటర్లకి మించనివ్వకండి, చిన్నపిల్లల తల ఇరుక్కుంటుంది. మించేలా ఉంటే ఇంకో సన్న కిరణం పడేయండి.

పైన కమాను వంపు ఉంచుకోండి, అది మీ బొమ్మలో నాకు బాగా నచ్చింది. గీసేటప్పుడు కొలతలూ లెక్కలూ పెట్టుకోకుండా ఒక పలుచటి చెక్క పట్టీ తీసుకుని, రెండు చివర్లా మేకుల దగ్గర ఆపి మధ్యలో పైకి వంచండి, అది వంగిన వంపే కంటికి హాయిగా ఉంటుంది, దాని వెంబడే పెన్సిల్ పోనివ్వండి. కానీ ఒక తిరకాసుంది. తిన్నని పలకలోంచి వంపు కర్ర కోస్తే కొసల దగ్గర చెక్క నార అడ్డంగా తెగి పొట్టిగా మిగులుతుంది, అక్కడ చేతి దెబ్బకే విరుగుతుంది. వంపు తక్కువగా, 4 అడుగులకి 3, 4 అంగుళాల ఎత్తు మాత్రమే లేస్తే వెడల్పాటి కర్ర పై అంచుని మాత్రం వంపుగా కోసి కింది అంచుని తిన్నగా వదిలేయండి, బలం పోదు. అంతకంటే ఎక్కువ వంపు కావాలంటే 5, 6 మిల్లీమీటర్ల పలుచటి పట్టీలని జిగురు రాసి అచ్చు మీద వంచి అతికించుకోవాలి. ఇంట్లో చేయగలిగేదే కానీ మొదటి కమాను గేటుకి నేనైతే సిఫారసు చేయను.

గీసిన బొమ్మని అసలు సైజులో అట్ట మీద కోసి, గుంజల మధ్య టేపుతో అతికించి ఓ రెండు రోజులు అలా వదిలేయండి. వస్తూ పోతూ చూస్తుంటే కాగితం మీద ముద్దుగా కనిపించిన కిరణాలు అక్కడ అగ్గిపుల్లల్లా ఉన్నాయనో, సూర్యుడు మరీ బండిచక్రంలా ఉన్నాడనో మీకే తెలుస్తుంది. చెక్క కోశాక తెలియడం కంటే నయం.

ఏ చెక్క అన్నారు కదా. టేకు, ఓక్, సెడార్, మీకు ఏది తేలిగ్గా దొరికితే అది, పెద్ద తేడా రాదు. చూడాల్సింది చేవ. మాను మధ్యలో ముదురు రంగులో ఉండేదే వానకీ పురుగుకీ తట్టుకుంటుంది. బెరడు పక్కన తెల్లగా ఉండే భాగం ఎంత పేరున్న మానుదైనా ఆరుబయట పుచ్చిపోతుంది. టేకు అని చెప్పి సగం తెల్లచెక్క ఉన్న పలక అంటగడితే, దానికంటే వానకి ఓర్చుకునే మామూలు రకం చేవ మేలు. రెండోది, కర్ర ఆరి ఉండాలి. పచ్చి కర్రతో ఎంత బిగుతుగా అతుకు వేసినా ఆరాక వదులవుతుంది. నిలువు కర్రలకి ముడులు లేనివి, నార తిన్నగా పోయేవి ఏరుకోండి. కర్రని ఒక కన్ను మూసి కొస నుంచి చూడండి, మెలి ఉంటే అక్కడే తెలుస్తుంది. మెలి తిరిగిన కర్రని చిత్రిక పట్టి సరిచేద్దామని మాత్రం అనుకోకండి, గేటుకి బిగించాక అది మళ్లీ మెలి తిరుగుతుంది.

ఫ్రేమ్ మూలలకి స్క్రూలు, ఎల్ ఆకారపు రేకులు కాదు, కుసి అతుకులే వేయండి. అంటే అడ్డ కర్ర కొసని నాలుకలా చెక్కి, నిలువు కర్రలో తొలిచిన బెజ్జంలోకి దించడం. నాలుక మందం కర్ర మందంలో మూడో వంతు, 45 మిల్లీమీటర్ల కర్రకి 15. ముందు బెజ్జం తొలిచి, దానికి తగ్గట్టు నాలుకని కొద్దికొద్దిగా చెక్కుతూ రండి, చేత్తో నొక్కితే దిగాలి, సుత్తితో బాదాల్సి వస్తే బిగుతెక్కువ, దానంతటదే జారిపడితే వదులు. జిగురు నీటికి తట్టుకునే రకం కావాలి, టేకు అయితే దానికి సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి, లేకపోతే పట్టదు. జిగురు పెట్టాక రెండు ఐమూలల పొడవూ టేపుతో కొలవండి. రెండూ సమానంగా వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టు. మూలమట్టం పెట్టి చూడడం కంటే నాకు ఇదే నమ్మకం. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనండి, ఓక్‌లాంటి చెక్కల్లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, మామూలు ఇనుము తడిసిందంటే దాని చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మరక దిగుతుంది, అది పోదు.

నీళ్ల గురించి ఇంకొంచెం. చెక్క నీళ్లు తాగేది ముఖ్యంగా కోసిన కొసల నుంచే, అక్కడ నార గొట్టాలన్నీ తెరుచుకుని ఉంటాయి. నిలువు చెక్కల పై కొసలన్నీ కమాను కర్ర కింద దాగేలా చూడండి, ఆ కర్ర పై అంచు ముందుకో వెనక్కో కొద్దిగా వాలి ఉండాలి. కింద మాత్రం చెక్కల్ని అడ్డ కర్రలో గాడి తీసి దించకండి, ఆ గాడి తొట్టెలా నీళ్లు పడుతుంది. చెక్కల్ని అడ్డ కర్ర ముందు నుంచి కిందికి పోనిచ్చి వదిలేయండి. నూనెయినా రంగయినా బిగించక ముందే, ముక్కలుగా ఉన్నప్పుడే అన్ని వైపులా పూయాలి, కొసలకి రెండు మూడు సార్లు. వార్నిష్ మొదటి ఏడు అద్దంలా మెరుస్తుంది, తర్వాత ఎండకి పొరలు లేస్తుంది, అప్పుడు మీ కిరణాల సందుల్లో కూర్చుని గీకాలి. నేనైతే నూనె వైపే, ఏడాదికోసారి గుడ్డతో పామితే సరి.

గుంజల్ని అలక్ష్యం చేయకండి, చాలాసార్లు గేటు తప్పేం ఉండదు, గుంజే వాలి ఉంటుంది. కొత్తవి పాతేటట్టయితే మొత్తం పొడవులో మూడో వంతు నేలలో ఉండాలి, గోతి అడుగున కంకర, పైన కాంక్రీటు, ఆ కాంక్రీటు పైభాగం గుంజ నుంచి బయటికి వాలుగా. ఉన్నవాటినే వాడేటట్టయితే ముందు మట్టం పెట్టి చూడండి, ఖాళీని పైనా మధ్యలో కిందా మూడుచోట్ల కొలిచి వాటిలో చిన్నదాన్ని తీసుకుని దాంట్లోంచి 25 మిల్లీమీటర్లు తగ్గించి గేటు వెడల్పు పెట్టుకోండి, బందుల వైపు 10, గడియ వైపు 15. కింద 2 అంగుళాలు వదలండి, గేటు తెరుచుకునే వైపు నేల ఎత్తుగా ఉంటే ఇంకాస్త. బిగించేటప్పుడు గేటు కింద చెక్క ఆప్పులు పెట్టి, గడియ వైపు 3, 4 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంచి బందులు వేయండి, అతుకులన్నీ సర్దుకునేసరికి ఆ మాత్రం దిగుతుంది. గడియ ఓ వారం ఆగి పెట్టండి.

ఇక మీ పాత గేటు. పారేయకండి, కనీసం ఇప్పుడే కాదు. మోకాలితో ఎత్తితే మూసుకుంటోందంటే చాలావరకు ఫ్రేమ్ వాలింది గానీ కుళ్లి ఉండదు. ముందు గుంజ మట్టంగా ఉందో లేదో చూసుకుని, ఒక సన్నటి స్టీలు తీగ, మధ్యలో బిగించుకోవడానికి టర్న్‌బకిల్ ఒకటి తెచ్చుకోండి. ఈసారి దిక్కు తిరగబడుతుంది, జాగ్రత్త. తీగ నొక్కుడు మోయలేదు, లాగుడే మోస్తుంది కాబట్టి బందుల వైపు పై మూల నుంచి గడియ వైపు కింది మూలకి కట్టాలి. గేటుని ఆప్పులతో సరైన ఎత్తుకి లేపి, అప్పుడు టర్న్‌బకిల్ తిప్పుతూ తీగ వేలితో మీటితే మోగేదాకా బిగించండి. అరగంట పని. ఇవాళే చేసేస్తే, సూర్యుడి కిరణాలు కోసుకోవడానికి ఎన్ని నెలలు పట్టినా ఈలోగా మోకాలు వాడకుండా గడియ పడుతుంది.